ఓటు గుర్తుకా, మనిషికా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. మొదటి ఓటు సర్పంచ్ ఎన్నికల్లో వేశాను. మా నాయనమ్మ గుర్తు తప్ప మరేదీ చూడదు. నాన్నేమో పార్టీలన్నీ ఒకటే, మనిషి మంచివాడైతే చాలు అంటారు. రేపు అసెంబ్లీకి ఓటు వేసేటప్పుడు నేను దేన్ని చూడాలి సార్? నాకు నచ్చిన పార్టీ నచ్చని మనిషిని నిలబెడితే ఏం చేయాలి?"

అమ్మా, ముందు జవాబు చెప్పి తర్వాత కారణాలు చెబుతాను. అసెంబ్లీకి, పార్లమెంటుకు వేసే ఓటులో పార్టీ ముందు, మనిషి తర్వాత. సర్పంచ్‌కు వేసే ఓటులో మనిషినే చూడాలి. అయితే అసెంబ్లీ అభ్యర్థి విషయంలోనూ ఒక గీత ఉంటుంది. ఆ గీతకు కింద ఉన్న మనిషి ఏ పార్టీ టికెట్ తెచ్చుకున్నా ఆయనకు ఓటు వేయకూడదు. చిక్కంతా ఆ గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే వస్తుంది. మన జిల్లాల్లో చాలామంది దాన్ని తప్పుడు చోట గీస్తున్నారని నా అభిప్రాయం. నల్లగొండలో ఏళ్ల తరబడి రాజనీతి శాస్త్రం బోధించి, ఎన్నికల విధుల్లో ప్రిసైడింగ్ అధికారిగా పనిచేసిన మనిషిగా ఈ మాట అంటున్నాను.

మీ నాయనమ్మతో మొదలుపెడతాను. గుర్తు మాత్రమే చూసేవాళ్లను చదువుకున్న పిల్లలు కొంచెం చులకనగా చూస్తారు. అలా చూడకండి. చందంపేట వైపు ఒక తండాలో నేను విధుల్లో ఉన్నప్పుడు ఒక పెద్దాయన అట్టపెట్టె చాటున ఉన్న యంత్రం దగ్గర చాలాసేపు ఆగిపోయారు. కాసేపటికి బయటికి తొంగిచూసి, "సార్, మా గుర్తు ఎన్నో వరసలో ఉంది?" అని అడిగారు. నేను చెప్పకూడదు. బయట పెట్టిన నమూనా బ్యాలెట్ చూపించి, మీట ఎలా నొక్కాలో మాత్రమే చెప్పగలను. ఆయన తిరిగి లోపలికి వెళ్లారు. మరికాసేపటికి పొడవుగా బీప్ వినిపించింది, ముఖం తేటపడి బయటికి వచ్చారు. అభ్యర్థి పేరు ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఏ ప్రభుత్వం వచ్చినప్పుడు పింఛను ఎంత పెరిగింది, తండాకు కరెంటు ఎప్పుడు వచ్చింది, బోరుబావికి ఏ పూట కరెంటు ఇచ్చారు అన్న లెక్క ఆయన దగ్గర ఉంటుంది. ఆ లెక్కను ఆయన ఒక గుర్తు మీద రాసుకున్నారు. అది అజ్ఞానమని నేను అనుకోను.

గుర్తు పుట్టిందే అందుకు. 1952 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది, పెట్టె మీద గుర్తు అంటించేవారు. చదువురాని ఓటరు కూడా తన ఓటు ఎక్కడ పడాలో అక్కడ వేయగలిగింది దానివల్లే. ఇప్పటికీ గుర్తుకు ఎంత బలముందో చూడాలంటే 2019 భువనగిరి లోక్‌సభ ఫలితం చూడండి. గెలిచిన అభ్యర్థికి వచ్చిన ఆధిక్యం ఐదు వేల పైచిలుకు. ఓడిన టీఆర్ఎస్ కారు గుర్తును పోలిన రోడ్డు రోలరు గుర్తుకు దానికి కొన్ని రెట్ల ఓట్లు పడ్డాయి. ఆ ఓట్లలో పొరపాటున పడ్డవి ఎన్నో ఎవరూ తేల్చలేరు గాని, ఓడిన పార్టీ ఆ తర్వాత ఆ గుర్తును తీసేయించడానికి ఎందుకంత పోరాడిందో మాత్రం అర్థమవుతుంది.

ఇక పార్టీ ఎందుకు ముందు అన్న విషయం. మన రాజ్యాంగంలో మొదట రాజకీయ పార్టీ ఊసే లేదు. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు చేర్చినప్పుడు పార్టీ అందులోకి వచ్చింది. ఆ షెడ్యూలు ప్రకారం పార్టీ విప్ (సభలో ఇలా ఓటు వేయాలన్న ఆదేశం) జారీ చేస్తే ఎమ్మెల్యే ఆ మేరకే ఓటు వేయాలి. ధిక్కరించి ఓటు వేసినా, రాకుండా ఉండిపోయినా, పార్టీ 15 రోజుల్లోగా క్షమించకపోతే సభ్యత్వానికే ముప్పు. అంటే మీరు ఎంతో ఆలోచించి, ఎంతో నిజాయతీపరుణ్ని ఎంచి పంపినా, బడ్జెట్ మీద, చట్టాల మీద, ప్రభుత్వం నిలవాలా పడిపోవాలా అన్న ప్రశ్న మీద ఆయన చేయి లేచేది పార్టీ చెప్పినట్టే. 119 మంది ఉన్న సభలో 60 మంది ఎటు ఉంటే అటు ప్రభుత్వం. మీ ఓటు మొట్టమొదట ఆ లెక్కలోకి వెళుతుంది. మీ ఎమ్మెల్యే మంచిచెడ్డలు తర్వాతి సంగతి.

ఎమ్మెల్యే సొంతంగా ఖర్చు పెట్టించగలిగే నియోజకవర్గ అభివృద్ధి నిధిని 2021లో ఏడాదికి మూడు కోట్ల నుంచి ఐదు కోట్లకు పెంచారు. ఆ డబ్బుతో కమ్యూనిటీ హాళ్లు, సీసీ రోడ్లు వస్తాయి. మీ దేవరకొండ బతుకును మార్చే పనులు మాత్రం ఆ ఐదు కోట్లలో ఇమిడేవి కావు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగాన్నే తీసుకోండి. సుమారు 44 కిలోమీటర్ల పొడవున తవ్వి, శ్రీశైలం నీటిని ఎత్తిపోతల అవసరం లేకుండా నల్లగొండకు తీసుకురావాలన్నది ఆలోచన. రెండు దశాబ్దాల కిందట మొదలైంది. ప్రభుత్వాలు మారాయి, పని ఆగింది, మళ్లీ మొదలైంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం కూలి ఎనిమిది మంది అందులో చిక్కుకుపోయారు. వాళ్లు పొట్ట చేతపట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు, మన పొలాలకు నీళ్లు తేవడానికి లోపలికి దిగారు. ఆ సొరంగానికి ఏ ఏడాది ఎంత డబ్బు ఇవ్వాలి, మిగిలిన దూరం ఏ పద్ధతిలో తవ్వాలి, ఆ నీటిలో ఎవరి వాటా ఎంత అన్నవి మంత్రివర్గం తీసుకునే నిర్ణయాలు. ఇన్నేళ్లలో దేవరకొండకు, మునుగోడుకు ఎందరో ఎమ్మెల్యేలు వచ్చి వెళ్లారు. వాళ్లలో మంచివాళ్లు ఉన్నారు. ఎవరి మంచితనమూ ఒంటరిగా ఆ సొరంగాన్ని ఒక్క గజం ముందుకు జరపలేదు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల సంగతీ అంతే. 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగిన ఆ పథకం గురించి అడగాల్సింది పార్టీలను, వాటి మేనిఫెస్టోలను, అవి అధికారంలో ఉన్నప్పుడు ఇచ్చిన నిధులను.

జనానికి ఇది తెలియదనుకోకండి. ఫలితాలు చూస్తే బాగా తెలుసనిపిస్తుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14 స్థానాలు. 2018లో టీఆర్ఎస్‌కు 13 వచ్చాయి. 2023లో కాంగ్రెస్‌కు 12 వచ్చాయి. ఉమ్మడి నల్లగొండలో 12 స్థానాలకు 2018లో టీఆర్ఎస్ తొమ్మిది గెలిస్తే, 2023లో కాంగ్రెస్ 11 గెలిచింది. ఐదేళ్లలో ఇన్ని నియోజకవర్గాల్లో అభ్యర్థుల గుణాలన్నీ ఒక్కసారి తిరగబడ్డాయా? లేదు. జనం హైదరాబాదులో ఎవరు కూర్చోవాలో నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని తమ ఊరి బూత్‌లో నొక్కి వచ్చారు.

మునుగోడు ఇంకా స్పష్టంగా చెబుతుంది. కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి 2018లో కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2022లో కాంగ్రెస్‌కూ శాసనసభ్యత్వానికీ రాజీనామా చేసి బీజేపీ తరఫున ఉప ఎన్నికలో నిలబడ్డారు, ఓడిపోయారు. 2023లో మళ్లీ కాంగ్రెస్‌కు వచ్చి గెలిచారు. ఆ ఉప ఎన్నికలో పోలింగ్ 93 శాతం దాటింది. అదే మనిషి, అవే ఊళ్లు, అవే చుట్టరికాలు. మారింది గుర్తు, దాని వెనక ఉన్న రాజకీయం. డబ్బు పాత్ర లేదని అనను. ఆ ఎన్నికలో డబ్బు ఎలా పారిందో పత్రికలు అప్పట్లో రోజూ రాశాయి. కానీ అన్ని వైపుల నుంచీ పారిన డబ్బుతో ఒక్కవైపు గెలుపును వివరించలేం.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది, దాన్ని దాచి వాదించడం నాకిష్టం లేదు. కొల్లాపూర్‌లో జూపల్లి కృష్ణారావు 2004లో స్వతంత్రుడిగా గెలిచారు. 2009లో కాంగ్రెస్ గుర్తు మీద, 2012 ఉప ఎన్నికలోనూ 2014లోనూ టీఆర్ఎస్ గుర్తు మీద, 2023లో మళ్లీ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచారు. నల్లమల అంచున ఉన్న ఆ నియోజకవర్గంలో మనిషి పేరు గుర్తును మోసుకెళ్లిన సందర్భాలు ఉన్నాయన్నమాట. కాని అదే కొల్లాపూర్‌లో 2018లో ఆయన ఓడిపోయారు. అదే కొల్లాపూర్‌లో 2023లో నిరుద్యోగుల గొంతుగా నిలబడిన బర్రెలక్క శిరీషకు రాష్ట్రమంతా సానుభూతి చూపింది, ఎక్కడెక్కడి నుంచో వచ్చి ప్రచారం చేశారు, పడిన ఓట్లు ఆరు వేల లోపే. ఆ అమ్మాయి ధైర్యం మీద గౌరవం ఉన్నవాళ్లు కూడా ఓటు దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వాన్ని ఎంచుకున్నారు. దాన్ని తప్పు పట్టలేను.

కల్వకుర్తిని కూడా చెప్పాలి. 1989లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండి అక్కడ పోటీ చేశారు. కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1985లో, అదే ఎన్టీఆర్ మన నల్లగొండతో పాటు గుడివాడ, హిందూపురంలో కూడా గెలిచి, హిందూపురాన్ని ఉంచుకుని నల్లగొండను వదులుకున్నారు. ఎంత పెద్ద పేరున్నా, మా దగ్గర ఉంటాడా లేదా అని జనం అడగకుండా ఉండరు. మీ నాన్న మాటలో నిజం అక్కడ ఉంది.

ఇప్పుడు ఆ గీత సంగతి. "మంచి మనిషి" అని మన ఊళ్లలో ఎవరిని అంటున్నాం? పెళ్లికి పిలిస్తే వచ్చి అక్షతలు వేసేవాణ్ని, చావుకు వచ్చి పరామర్శించి పదో రోజుకు బియ్యం బస్తా పంపేవాణ్ని, ఫోను చేస్తే ఎత్తేవాణ్ని. కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీ ఒకసారి దగ్గరుండి చూడండి. ఎండలో పొద్దున్నే వచ్చిన తల్లులు ఫంక్షన్ హాలులో ఎమ్మెల్యే రాక కోసం మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. ఆయన వస్తారు, ఒక్కొక్కరికీ చెక్కు అందిస్తూ ఫోటో దిగుతారు. ఆ లక్షా నూటపదహారు రూపాయలు ప్రభుత్వ ఖజానావి. ఆ తల్లి అర్హత కాగితాల మీద తేలింది. అందులో ఎమ్మెల్యే దయ ఎక్కడుంది? అయినా ఆమె చేతులెత్తి మొక్కుతుంది, "మంచి సారు" అనుకుంటూ ఇంటికి వెళుతుంది. నాకు కోపం వచ్చేది అక్కడే. హక్కును దానంలా ఇచ్చి, దాని పేరు మంచితనమని చెలామణి చేస్తున్నారు. ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కులదీ అదే కథ. ఇలాంటి మంచితనాన్ని కొలిచి ఓటు వేసేకంటే మీ నాయనమ్మలా గుర్తు చూసి వేయడం మేలు.

ఒక మనిషి మందు తాగుతాడా, గుడికి వెళతాడా, కుటుంబంలో ఎలా ఉంటాడు అన్నవి కూడా నేను పక్కన పెడతాను, ఇంట్లో ఆడవాళ్లను కొట్టేవాడైతే తప్ప. నేను చూసేది మూడింటిని. పదవిలో డబ్బు చేసుకుంటాడా, బలహీనుల మీద చేయి చేసుకుంటాడా, మనం పెట్టిన చోట నిలబడతాడా.

మొదటి రెండింటికీ కొంత జవాబు కాగితం మీదే దొరుకుతుంది. నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ఫారం 26 అనే అఫిడవిట్ ఇవ్వాలి. సుప్రీంకోర్టు 2002లో, 2003లో ఇచ్చిన తీర్పుల వల్ల మనకు దక్కిన హక్కు ఇది. అభ్యర్థి మీద ఉన్న కేసులు, పడిన శిక్షలు, తన పేరున, భార్య లేదా భర్త పేరున, తన మీద ఆధారపడినవాళ్ల పేరున ఉన్న ఆస్తులు, అప్పులు, ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలు, ఐదేళ్ల ఆదాయపన్ను వివరాలు, చదువు అన్నీ అందులో ఉండాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఉంటుంది, ఫోనులో ఆ సంఘం యాప్‌లోనూ కనిపిస్తుంది. తప్పుడు వివరాలిస్తే ఆరు నెలల దాకా జైలుశిక్ష పడే నేరం.

దాన్ని చదివే పద్ధతి ఒకటుంది. ఒక్క ఏడాది అఫిడవిట్ చదివితే ఏమీ తెలియదు. గత ఎన్నికలోది కూడా తీసి పక్కన పెట్టుకోండి. వృత్తి అన్నచోట "వ్యవసాయం" అని ఉండి, ఐదేళ్లలో హైదరాబాదు శివార్లలో ప్లాట్లు, వాణిజ్య భవనాలు చేరి ఉంటే, ఆ ఆదాయం పన్ను వివరాల్లో కనబడుతుందో లేదో చూడండి. మన దగ్గర పత్తి, వరి, బత్తాయి పండించేవాళ్లకు ఐదేళ్లలో ఎంత మిగులుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. భార్య పేరున పెరిగిన ఆస్తి గడిని తప్పకుండా చూడండి, చాలామంది దాన్ని దాటేస్తారు.

కేసుల గడి దగ్గర తొందరపడకండి. సంఖ్య చూసి బెదరవద్దు. తెలంగాణ ఉద్యమంలో రైలురోకోలు, రాస్తారోకోలు చేసినవాళ్ల మీద కేసులు కుప్పలుగా ఉన్నాయి. ధర్నా చేసినందుకు, నిషేధాజ్ఞలు ఉల్లంఘించినందుకు పెట్టినవి అవి. వాటిలో కొన్ని ఆ మనిషికి గౌరవమే. మీరు వెతకాల్సింది సెక్షన్లను. మోసం, ఫోర్జరీ, భూకబ్జా, బెదిరించి వసూళ్లు, మహిళల మీద దాడి, ఎస్సీ ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు ఉన్నాయా? కోర్టు అభియోగాలు నమోదు చేసిందా, లేక ఎఫ్ఐఆర్ దగ్గరే ఆగిందా? ఈ తేడా ఫారంలోనే ఉంటుంది. అభియోగాలు నమోదైన అలాంటి కేసు ఒక్కటి ఉన్నా నా దృష్టిలో ఆ మనిషి గీతకు కింద ఉన్నట్టే, ఏ జెండా పట్టుకున్నా సరే.

మూడోది, నిలబడటం. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, మన రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువగా మంటగలిసిందీ ఇదే. పార్టీని చూసి ఓటు వేశాక ఆ మనిషి పార్టీ మారితే మీ ఓటు ఏమైనట్టు? 2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచినవాళ్లలో 12 మంది 2019 జూన్‌లో టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. మూడింట రెండు వంతుల మంది కలిసి వెళితే అనర్హత వర్తించదన్న వెసులుబాటును వాడుకున్నారు. వాళ్లలో మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వాళ్లూ ఉన్నారు. 2023 తర్వాత గాలి ఎదురు తిరిగింది. బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) గుర్తు మీద గెలిచినవాళ్లలో పది మంది కాంగ్రెస్ వైపు వెళ్లారన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా వెళితే, మూడు నెలల్లోగా తేల్చండని కోర్టు 2025 జూలై 31న స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. నిన్న బాధితులమన్నవాళ్లే నేడు చేర్చుకుంటున్నారు. ఏ పార్టీకీ ఇందులో చేతులు శుభ్రంగా లేవు.

పార్టీ మారడమే పాపమని నేను అనను. ఎలా మారారన్నది చూడాలి. కల్వకుర్తి నుంచి ఎన్నికైన ఎస్. జైపాల్‌రెడ్డి ఎమర్జెన్సీని వ్యతిరేకించి 1977లో కాంగ్రెస్‌ను వదిలారు. వదిలి ఎటు వెళ్లారు? రాష్ట్రంలో అధికారం ఉన్నవైపు కాదు, జనతా పార్టీలోకి. 1978లో ఆ పార్టీ తరఫునే కల్వకుర్తి ప్రజల ముందుకు వెళ్లి గెలిచారు. 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీదే నిలబడి ఓడిపోయారు. మునుగోడు రాజీనామాను కూడా ఈ కోణంలో చూడండి. ఆ నిర్ణయం వెనక రాజకీయం ఏదైనా, పదవి వదిలి మళ్లీ ఓటు అడిగారు, జనం తీర్పు చెప్పారు. పాత గుర్తు మీద గెలిచిన కుర్చీలోనే కూర్చుని కొత్త కండువా కప్పుకునేవాళ్లకూ వీళ్లకూ చాలా తేడా ఉంది. స్వతంత్రుడిగా గెలిచి తర్వాత ఏదో పార్టీలో చేరినా సభ్యత్వం పోవాలనే చట్టం చెబుతోంది, అది కూడా గుర్తుంచుకోండి.

పార్టీ, మనిషి ఒక్కటైన కాలం మన జిల్లా చూసింది. 1952లో నల్లగొండ నుంచి పోటీ చేసిన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది, పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. పార్టీ పేరు లేకపోయినా అందులో ఎవరున్నారో, దేనికోసం పోరాడారో ఊరూరికీ తెలుసు. బొల్లేపల్లి భూస్వామి కుటుంబంలో పుట్టి సొంత భూములు పంచిన మనిషి ఆయన. తర్వాతి తరంలో నర్రా రాఘవరెడ్డి ఉన్నారు. చిట్యాల దగ్గర వట్టిమర్తి సర్పంచ్‌గా చేసి, నకిరేకల్ నుంచి సీపీఎం తరఫున ఆరుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. ఆయన నిరాడంబరత గురించి ఆ పాత ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన తప్పుకున్నాక 1999లోనూ 2004లోనూ అదే పార్టీ నుంచి నోముల నర్సింహయ్య గెలిచారు. అంటే రాఘవరెడ్డి సంపాదించిన నమ్మకం పార్టీ ఖాతాలో కూడా జమ అయింది. తర్వాత నోముల టీఆర్ఎస్‌లోకి వెళ్లి 2018లో నాగార్జునసాగర్‌లో జానారెడ్డిని ఓడించారు. అప్పటికి నకిరేకల్‌లో సీపీఎం గెలుపు ఊసే లేదు. మంచి మనిషి పార్టీకి బలమిస్తాడు, పార్టీ ఆ బలాన్ని మరో మనిషికి అందిస్తుంది, పార్టీ చితికితే ఆ మనుషులు చెల్లాచెదురవుతారు. ఈ మూడూ నకిరేకల్‌లో కనబడతాయి.

మీ నాన్న అన్న "పార్టీలన్నీ ఒకటే" అనే మాటకు కూడా మన జిల్లా ఒకసారి పెద్ద జవాబు చెప్పింది. 1996లో ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోయి, నడుములు పడిపోయిన ఊళ్ల గోడు ఏ పార్టీకీ పట్టడం లేదని నల్లగొండ లోక్‌సభకు 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా వేయాల్సి వచ్చింది. దాదాపు అందరి ధరావతూ పోయింది, సీపీఐ అభ్యర్థి ధర్మభిక్షం గెలిచారు. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచేశారు. ఆ 480 మంది గెలవడానికి నిలబడలేదు. పార్టీలన్నిటినీ ఒక్కసారి సిగ్గుపడేలా చేయడానికి నిలబడ్డారు, దేశం మొత్తం నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడుకుంది. కానీ ఆ తర్వాత నీళ్లు తేవాల్సి వచ్చింది మళ్లీ పార్టీలే, ప్రభుత్వాలే. అందుకే పార్టీలన్నీ ఒకటే అనుకుని వదిలేయడం కంటే, ఏది ఎక్కడ భిన్నంగా ఉందో తవ్వి చూడటం మన పని.

సర్పంచ్ సంగతి వేరు. అక్కడ పార్టీ గుర్తే ఉండదు. ఉంగరం, కత్తెర, బ్యాటు, ఫుట్‌బాల్ వంటి గుర్తులు ఇస్తారు. విప్ ఉండదు. పంచాయతీ చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం పెడతారు, ఆ ఇద్దరి నిజాయతీ మీదే మీ ఊరి వీధిదీపాలూ మురుగుకాల్వలూ ఆధారపడతాయి. కాబట్టి అక్కడ మనిషిని చూడండి. గ్రామసభ నిజంగా పెడతాడా, లెక్కలు చదివి వినిపిస్తాడా, అవతలి వాడకట్టు వాళ్లతోనూ మాట్లాడతాడా. పెద్ద పార్టీలు లోపాయికారీగా "మా సర్పంచ్" అని కండువాలు కప్పుతాయి, దాన్ని పట్టించుకోకండి. పదవిని వేలం పాడి ఏకగ్రీవం చేసే ఊళ్లలో అయితే ఈ చర్చకే చోటుండదు, మీ ఊళ్లో అలాంటి ప్రయత్నం జరిగితే అడ్డుకోండి. ఎంపీటీసీ, జడ్పీటీసీలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి గాని అధికారాలు తక్కువ. అక్కడ కూడా నేనైతే మనిషినే ఎక్కువ చూస్తాను.

ఇక మీ రెండో ప్రశ్న. నచ్చిన పార్టీ నచ్చని మనిషిని పెట్టింది. నచ్చకపోవడం ఎలాంటిది? మీ కులం కాదనో, పిలిస్తే పలకడనో, పక్క మండలం వాడనో అయితే, దాన్ని మింగి పార్టీకి వేయండి. పైన చెప్పిన గీతకు కింద ఉన్నవాడైతే వేయకండి. ఆ మాట ఓటు రోజు దాకా దాచుకోకండి. నేర చరిత్ర ఉన్నవాణ్ని నిలబెడితే ఎందుకు నిలబెట్టారో, మచ్చలేనివాళ్లు ఎందుకు దొరకలేదో పార్టీ అభ్యర్థిని ఎంచిన 48 గంటల్లోగా ప్రచురించాలి. గెలిచే సత్తా ఉందన్న ఒక్క కారణం చాలదని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. అభ్యర్థి కూడా తన కేసుల వివరాలను ప్రచార కాలంలో మూడుసార్లు పత్రికల్లో, టీవీలో ప్రకటించాలి. ఆ ప్రకటనలు చిన్న అక్షరాల్లో లోపలి పేజీలో వస్తాయి. కత్తిరించి మీ ఊరి వాట్సాప్ బృందంలో పెట్టండి. మండల పార్టీ నాయకుణ్ని పట్టుకుని, "మా ఇంట్లో నాలుగు ఓట్లు మీ పార్టీవి, ఈ మనిషి వల్ల పోతున్నాయి" అని పేరు పెట్టి చెప్పండి. టికెట్ల కోసం సర్వేలు చేయించుకునే పార్టీలకు ఆ మాట చాలా త్వరగా పైకి వెళుతుంది.

అప్పుడు ఓటు ఎవరికి అంటే, మీరు రెండో స్థానంలో ఉంచే పార్టీ అభ్యర్థి గీతకు పైన ఉంటే ఆయనకు వేయండి. ఎవరూ లేకపోతే నోటా ఉంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన మీట అది. అయితే అసెంబ్లీ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థి గెలిచినట్టే. అది తెలిసే నొక్కండి. ఇంట్లో కూర్చుండిపోవడం కంటే నోటా నయం, ఎందుకంటే ఆ అంకె నియోజకవర్గం లెక్కల్లో నిలుస్తుంది, మళ్లీ టికెట్ ఇచ్చేటప్పుడు పార్టీ వాళ్లు దాన్ని చూస్తారు. అఫిడవిట్లు రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద కూడా పెడతారు. ఫోనులో దొరకకపోతే దేవరకొండ వెళ్లి చూడండి. మీ నాన్నగారినీ వెంట తీసుకెళ్లండి, ఆయన మంచివాళ్లనుకున్న ఇద్దరు ముగ్గురి కాగితాలు ఆయన చేతే చదివించండి.